అదనపు సంరక్షణ

"బండి నడిచేది నాలుగు చక్రాల మీద. ప్రభుత్వం నడిచేది అయిదో చక్రం మీద!" అని రోడ్ల శాఖ మంత్రిగారు మైకులో ప్రకటించిన రోజున చప్పట్లు చాలాసేపు ఆగలేదు. ఎందుకు కొడుతున్నారో కొట్టేవాళ్ళకి తెలియలేదు కనక, ఎక్కడ ఆపాలో కూడా తెలియలేదు.

మంత్రిగారు ఆ మాట ఊరికే అనలేదు. అంతకు వారం ముందు ఆయన కారు ఒక గుంటలో దిగబడి టైరు పగిలింది. డిక్కీ తెరిస్తే స్టెప్నీ ఉంది, అందులో గాలి లేదు. ఇంకో స్టెప్నీ వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ మంత్రిగారు రోడ్డు పక్కన అందరికీ కనపడేట్టు నిలబడవలసి వచ్చింది. జనం దగ్గరికి వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరుకోకుండా మాట్లాడారు. పదవిలోకి వచ్చాక ఆయనకి ఇలాంటిది జరగడం ఇదే మొదలు. ఇంత ఘోరం పగవాడికి కూడా రాకూడదని అక్కడికక్కడే నిశ్చయించుకున్నారు. తక్కువ రకం నాయకుడైతే గుంట పూడ్పించి చేతులు దులుపుకునేవాడు. ఈయన గుంట జోలికి పోకుండా నేరుగా మూలానికి, అంటే స్టెప్నీకి, వెళ్ళారు.

అలా పుట్టింది స్టెప్నీ సంరక్షణ పథకం.

ఆ సభలో వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళలో పానా ఒకడు. చొక్కా జేబులో ఎప్పుడూ పద్నాలుగో నంబరు పానా ఉంటుంది కనక ఆ పేరు వచ్చింది. అసలు పేరు హాజరు పట్టీలో చూద్దామంటే అక్కడ 'అదనపు డ్రైవరు' అని మాత్రమే ఉంటుంది. పదకొండేళ్ళుగా రోడ్ల శాఖ డివిజన్ ఆఫీసులో పికప్ నడుపుతున్నాడు. వెనక తొట్టిలో తారు డ్రమ్ము, కంకర, ఇద్దరు కూలీలు. ఎక్కడ గుంట పడితే అక్కడికి వెళ్ళి పూడ్చి రావడం ఆ బండి పని.

అదనపు అని ఎందుకన్నారంటే అసలు డ్రైవరు వేరే ఉన్నాడు. ఆయనకి డ్రైవింగు రాదు. పార్టీ ఊరేగింపుల్లో నినాదాలిచ్చిన గొంతు ఆయనది. మైకు లేకుండా మూడు వీధులు వినపడే ఆ గొంతుకి ముచ్చటపడి ఎవరో ఉద్యోగం వేయించారు. అందుకే ఆయన్ని అందరూ జిందాబాద్ అని పిలుస్తారు. పొద్దున్నే వచ్చి సంతకం పెట్టి, బండి బానెట్టు మీద ఒకసారి చెయ్యివేసి, "జాగ్రత్త అన్నా" అని పానాకి చెప్పి వెళ్ళిపోతాడు. పదకొండేళ్ళలో ఒక్క ప్రమాదం కూడా చేయని డ్రైవరుగా శాఖ ఆయనకి రెండుసార్లు ప్రశంసాపత్రం ఇచ్చింది.

పానాకి ఏటా ఏడాది ఆఖరు రోజున ఉద్యోగం పోతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది. ఆ ఒక్కరోజూ బండి తాళంచెవి హెడ్ క్లర్కు బల్ల మీద పెట్టి, ఇంటికి నడిచివెళ్ళి, గుమ్మంలో కూర్చుని వీధిన పోయే బండ్ల చప్పుడు విని ఏ బండికి ఏ జబ్బుందో చెబుతుంటాడు. పదకొండేళ్ళుగా అది అలవాటైపోయింది. కాని ఈసారి మర్నాడన్నది ఉండదని, అదనపు పోస్టులన్నీ ఎత్తేస్తున్నారని ఆఫీసంతా గుసగుసలు. పర్మనెంటు చేయమని పానా పెట్టుకున్న ఫైలు మూడుసార్లు పైకి వెళ్ళి మూడుసార్లు కిందికి వచ్చింది. ఏడాది ఆఖరుకి ఇంకా మూడు నెలలుంది.

"ఫైలు కదిలిందా?" అని రోజూ అడుగుతుంది అతని భార్య. ఆవిడ వీధి గదిలో బట్టలు కుడుతుంది. అడిగేటప్పుడు మిషను ఆపదు.

"కదిలింది. ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి."

"ఆ బల్ల దగ్గర తలుపుందా, కిటికీ ఉందా?"

"కిటికీ."

"అయితే గాలికి పడిపోతుంది. పైన ఏదైనా బరువు పెట్టి రావయ్యా. అదైనా చేతనవునా?"

పానా రోజుకి పాతిక మాటలకి మించి వాడే మనిషి కాదు. ఆవిడ దగ్గర ఆ పాతికా అవసరం రావు.

పథకం ప్రకటించిన నాలుగో రోజున పైనుంచి తనిఖీ బృందం దిగింది. డివిజన్‌లో ఉన్న ముప్ఫై ఏడు బండ్లనూ వరసగా నిలబెట్టారు. ముప్ఫై ఆరు స్టెప్నీల వృత్తాంతం చాలా ఆసక్తికరంగా ఉంది. ఒకటి ఇంజనీరుగారి పెరట్లో ఉయ్యాలగా ఉంది. ఒకదాంట్లో మట్టి పోసి పూలమొక్క వేశారు, పూసింది కూడా. ఒకటి క్యాంటీనులో నీళ్ళ డ్రమ్ము కింద పీటగా ఉంది. చాలావాటిని బురద పట్టుకుని వదల్లేదు. దించడానికి కడ్డీ దూర్చవలసిన కన్నమే దొరకలేదు.

ముప్ఫై ఏడోది పానా పికప్.

పికప్‌కి స్టెప్నీ ఉండేది తొట్టి కింద. ఒక ఇనుప తాడుకి వేలాడుతుంటుంది. వెనక బంపరు దగ్గరున్న కన్నంలో పొడుగాటి కడ్డీ దూర్చి తిప్పితే దిగుతుంది, ఎదురు తిప్పితే ఎక్కుతుంది. అక్కడుండేదాన్ని ఎవరూ తలుచుకోరు. దారిలో ఉన్న బురదంతా దానికే. బురద ఎండి రాయవుతుంది, తాడు తుప్పు పడుతుంది, కావలసిన రోజున కడ్డీ తిరగదు. పానా మాత్రం నెల మొదటి సోమవారం దాన్ని దించుతాడు. కడుగుతాడు. రబ్బరు మీద గీతలు పడ్డాయేమోనని అరచేత్తో తడుముతాడు. తాడుకి గ్రీజు రాస్తాడు. మిగిలిన నాలుగింటికంటే రెండు పాయింట్లు ఎక్కువ గాలి పెడతాడు. పనిలేకుండా వేలాడేవాడి గాలే ముందు దిగుతుందని అతని సిద్ధాంతం. మళ్ళీ ఎక్కించి, ఊగకుండా బిగించి, గొలుసు చుట్టి తాళం వేస్తాడు.

తనిఖీ అధికారి నేలమీద గొంతుకూర్చుని కిందికి చూసి అలాగే ఉండిపోయాడు.

"ఇది... గుండ్రంగా ఉందే!" అన్నాడు.

"టైరండీ," అన్నాడు పానా.

"గాలి?"

"ముప్ఫై ఎనిమిది."

"దిగుతుందా?"

పానా కడ్డీ దూర్చి పన్నెండు తిప్పులు తిప్పాడు. చక్రం చంటిబిడ్డని తొట్టెలోంచి దించినట్టు మెల్లగా నేలమీద ఆనింది. అధికారి కళ్ళు చెమర్చాయి. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ప్రభుత్వ వస్తువు ఒకటి పనిచేస్తుండగా ఆయన చూడడం అదే మొదలు.

ఆ సాయంత్రమే పానా స్టెప్నీని 'ఆదర్శ స్టెప్నీ'గా గుర్తించారు. ఇంజనీరుగారు పానా భుజం తట్టారు. "నీ పంట పండిందయ్యా. మంత్రిగారు దీన్ని చూడ్డానికి స్వయంగా వస్తారు. ఆయన చెవిన ఒక్కమాట వేశామంటే నీ ఫైలు ఇంక ఆగదు. అందాకా పైవాళ్ళు ఏది చెబితే దానికి తల ఊపు. అడ్డంగా కాదు సుమా, నిలువుగా."

పానా నిలువుగా ఊపాడు.

మొదట ఊపవలసి వచ్చింది స్టెప్నీని బండి కిందినుంచి తీసేసినప్పుడు. ఆదర్శ స్టెప్నీ దుమ్ములో, ఎండలో, బురదలో తిరగడం శాఖకే చిన్నతనమని సంరక్షణ కమిటీ అభిప్రాయపడింది. ఆఫీసులో సందర్శకులు కూర్చునే గది ఖాళీ చేయించి, అద్దాల తలుపు పెట్టించి, ఏసీ బిగించి, చెక్కపీట మీద చక్రాన్ని నిలబెట్టారు. సందర్శకులు చెట్టు కింద నిలబడ్డారు. గది బయట తుపాకీతో గార్డుని పెట్టారు. తలుపుకి రెండు తాళాలు. ఒక చెవి ఇంజనీరుగారి దగ్గర, ఒకటి హెడ్ క్లర్కు దగ్గర.

"అయ్యా, మరి దారిలో పంక్చరైతే?" అని అడిగాడు పానా.

హెడ్ క్లర్కుగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. ఆయన చాలా నిజాయితీపరుడు. కాగితం మీద ఉన్నదానికి ఒక్క అక్షరం ఎక్కువా చేయరు, తక్కువా చేయరు. "ఏమయ్యా పానా, స్టెప్నీ పోకుండా చూడమన్నారా, పంక్చరు కాకుండా చూడమన్నారా?"

"పోకుండా చూడమన్నారండి."

"పోయిందా?"

"లేదండి."

"మరింకేం?"

ఆ తర్వాత భాషా సంఘం రంగంలోకి దిగింది. ఇంత గొప్ప పథకానికి స్టెప్నీ అన్న పరాయి మాట తగదని వాళ్ళు పట్టుబట్టారు. ఉపచక్రం, ఆపద్ధర్మ చక్రం, వేచి ఉండు చక్రం అని మూడు రోజులు చర్చించి, నాలుగో రోజున 'అదనపు చక్రం' అని తేల్చారు. సర్క్యులర్ టైపు చేసే ఆయన ప్రతి వాక్యంలోనూ రెండు మాటలు కొట్టలేక ఒక్క మాటతో సరిపెట్టాడు. ఆ సర్క్యులర్ ఒక బుధవారం పొద్దున అన్ని ఆఫీసులకీ చేరింది.

హెడ్ క్లర్కుగారు దాన్ని రెండుసార్లు చదివి, ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి, పానాని పిలిపించారు. అప్పటికి పానా కంకర ఎక్కిస్తున్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ప్రతి కార్యాలయంలోని అదనపును తక్షణం భద్రమైన గదిలో ఉంచవలెను," అని చదివారు హెడ్ క్లర్కు. "ఎండ తగలనీయరాదు. భారం మోపరాదు. బయటికి వదలరాదు. నెలకొకసారి ప్రెషర్ పరీక్షించి రిజిస్టరులో రాయవలెను. ఒకే వైపు ఆని ఉండకుండా అప్పుడప్పుడు తిప్పి పెట్టవలెను."

"మంచిదేనండి. అన్నీ చేస్తున్నదే."

"మన ఆఫీసులో అదనపులు ఎన్నున్నాయి?"

"ఒకటేనండి. గదిలో ఉంది."

హెడ్ క్లర్కు హాజరు పట్టీ తీసి వేలు పెట్టి చూపించారు. అదనపు డ్రైవరు. "రెండు," అన్నారు.

పానాకి విషయం ఎక్కడానికి కొంచెంసేపు పట్టింది. "అయ్యా, అది టైరు గురించి కదండీ!"

"టైరు అన్న మాట ఇందులో ఎక్కడుందో చూపించు. నేను ఇప్పుడే నిన్ను వదిలేస్తాను."

పానా కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి మొదటినుంచి చివరిదాకా కూడబలుక్కుని చదివాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు. టైరు లేదు. చక్రమూ లేదు. అదనపు మాత్రం పందొమ్మిది చోట్ల ఉంది.

"నీ మంచికే చెబుతున్నా," అన్నారు హెడ్ క్లర్కు గొంతు తగ్గించి. "నీ ఫైలు ఇవాళే పైకి పోతోంది. సర్క్యులర్‌ని ధిక్కరించాడని ఒక్క ముక్క దాని వెంట వెళ్ళిందా, అయిపోయావ్. మంత్రిగారు వచ్చేదాకా ఓపిక పట్టు. గదిలో ఏసీ కూడా ఉందిగా."

పానా నిలువుగా ఊపాడు. పదకొండు గంటలకల్లా చెక్కపీట పక్కన ఒక స్టూలు వేశారు. బయట రెండు తాళాలూ పడ్డాయి. పానా చక్రాన్ని చూశాడు. చక్రం ఎటో చూస్తోంది.

రోజూ తొమ్మిదింటికి లోపలికి, అయిదింటికి బయటికి. రాత్రిళ్ళు అదనపును ఎక్కడ ఉంచాలో సర్క్యులర్‌లో వేరుగా లేదు కనక చక్రాన్ని గదిలోనూ పానాని ఇంట్లోనూ ఉంచారు. గంటకొకసారి గార్డు అద్దం మీద తట్టి "తిరుగు" అనేవాడు. పానా స్టూలు మీద ఆ వైపునుంచి ఈ వైపుకి తిరిగేవాడు. లేచి చక్రాన్ని కూడా పావు వంతు తిప్పబోతే "భారం! భారం!" అని గార్డు అరిచేవాడు. అదనపు మీద భారం మోపరాదు. చక్రాన్ని తిప్పడానికి రోజూ క్యాంటీను మనిషి వచ్చేవాడు.

మూడో రోజు భార్య క్యారియరు పట్టుకుని వచ్చింది.

"మా ఆయన్ని చూడాలి," అంది గార్డుతో.

"లోపల రెండున్నాయమ్మా. నల్లటిదా, చామనఛాయదా?"

"నోరు లేనిది."

గార్డు లోపలికి చూసి ఆలోచనలో పడ్డాడు. ఆవిడే అద్దం దగ్గరికి వెళ్ళి మొగుణ్ణి తేరిపార చూసింది. పానా సిగ్గుపడి చొక్కా బొత్తాం పెట్టుకున్నాడు.

"ఏం తప్పు చేశావయ్యా?" అని అరిచింది, అద్దం లోపలికి వినపడాలని.

"ఏం లేదే. కాపాడుతున్నారు."

"ఎవర్నుంచి?"

"ఫైలు పైకి వెళ్ళింది," అన్నాడు పానా.

"అది పైకెళ్ళిందా, నువ్వు లోపలికెళ్ళావా! బాగుంది. పదకొండేళ్ళ నుంచి నిన్ను ఎండలో చూసి చూసి, ఇలా నీడపట్టున చూస్తే వేరేవాళ్ళ మొగుణ్ణి చూసినట్టుంది," అంది. క్యారియరు గార్డుకిచ్చి నవ్వుకుంటూనే వెళ్ళిపోయింది. మలుపు దాకా వెళ్ళాక మాత్రం ఒకసారి ఆగి కళ్ళు తుడుచుకుంది. అది పానా చూశాడు. చూసినట్టు ఎవరికీ చెప్పలేదు.

నెల తిరిగేసరికి ప్రెషర్ పరీక్ష వచ్చింది. చక్రానికి గాలి మిషను అతనూ, పానాకి ఆస్పత్రి కాంపౌండరూ ఒకే పూట వచ్చారు. రిజిస్టరులో ప్రెషర్‌కి గడులు రెండున్నాయి గాని ఏది ఎవరిదో రాయలేదు. ఇద్దరూ తోచిన గడిలో రాసి సంతకాలు పెట్టి వెళ్ళారు. హెడ్ క్లర్కుగారు వచ్చి చదివారు.

"పానా, నీది ముప్ఫై ఆరు. భేష్. అలాగే ఉండు. దానిది నూట ముప్ఫై." ఆయన చక్రంవైపు జాలిగా చూశారు. "కొంచెం ఆందోళనగా ఉన్నట్టుంది పాపం. ఎవరూ దాన్ని విసిగించకండి."

ఈలోగా గుంటలు పెద్దవవుతున్నాయి. వానలకి రెండు గుంటలు కలిసి ఒకటయ్యాయి. పికప్ నడిపేవాడు లేడు. చివరికి ఇంజనీరుగారికి ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. డ్రైవరు ఉన్నాడు కదా! జిందాబాద్‌ని పిలిపించారు.

జిందాబాద్‌కి ధైర్యం లేకపోలేదు. బండి ఎక్కి కూర్చుని, అద్దాల గదివైపు చెయ్యి ఊపి, పెద్ద గొంతుతో హారను అక్కర్లేకుండానే జనాన్ని తప్పిస్తూ, ఆఫీసు గేటు దాటి రెండు వందల గజాలు నడిపాడు. అక్కడున్న గుంట పూడ్చడానికే అతను బయల్దేరింది. దాన్ని పూడ్చబోయే ముందు అందులో దిగాడు. వెనక ఎడమ టైరు చిరిగిపోయింది.

పావుగంటలో పరిగెత్తుకుంటూ వచ్చి అద్దానికి ముక్కు ఆనించాడు. "అన్నా! బండి వంగింది! ఏం చెయ్యాలి?"

"జాకీ పెట్టు."

"జాకీ అంటే ఏది?"

పానా కళ్ళు మూసుకున్నాడు. తర్వాత తెరిచి, చేతులతో గాలిలో జాకీ బొమ్మ గీసి, ఎక్కడ ఆనించాలో, నట్లు ముందు ఎలా వదులు చేయాలో, ఏది ఏ వైపు తిప్పాలో అద్దం లోపలినుంచి అంతా అభినయించి చూపించాడు. పాతిక మాటల మనిషి ఆ పూట నూటయాభై వాడాడు. జిందాబాద్ వెళ్ళాడు, విప్పాడు, చిరిగిన చక్రాన్ని దొర్లించుకుంటూ వచ్చాడు.

"విప్పేశా అన్నా! ఇంక ఆ స్టెప్నీ ఇలా ఇవ్వు."

అందరూ హెడ్ క్లర్కువైపు చూశారు. ఆయన సర్క్యులర్ తీశారు. "బయటికి వదలరాదు. భారం మోపరాదు," అని చదివారు. "బండికి బిగిస్తే దాని మీద భారం పడుతుందా లేదా?"

"పడుతుందండి," అన్నాడు జిందాబాద్.

"నడిపితే అరుగుతుందా లేదా?"

"అరుగుతుందండి."

"అరిగేదాన్ని సంరక్షణ అంటారా?"

జిందాబాద్ ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడంలో అతనికి మంచి అనుభవం ఉంది.

ఇదంతా వింటున్న పానా చెయ్యి జేబులోకి వెళ్ళింది. అద్దాల తలుపు బందులకి ఉన్నవి మూడే బోల్టులు, మూడూ పద్నాలుగో నంబరువే. అది అతను మొదటిరోజే చూసుకున్నాడు. రెండు నిమిషాల పని. తలుపు పక్కకి జరిపి, చక్రాన్ని దొర్లించుకుపోయి, బిగించి, కాచిన తారు గట్టిపడేలోగా ఆ గుంట పూడ్చి మధ్యాన్నానికల్లా తిరిగి రావచ్చు. కూలీలిద్దరూ రోడ్డు మీద తారు డ్రమ్ము పక్కన కూర్చుని తనకోసమే ఎదురుచూస్తుంటారని కూడా తెలుసు. జేబులోని పానా తీసి మొదటి బోల్టుకి ఆనించాడు కూడా.

హెడ్ క్లర్కుగారు అద్దం అవతలనుంచి అతన్నే చూస్తున్నారు. కోపంగా కాదు. "మంత్రిగారు వచ్చేది శుక్రవారం," అన్నారు అంతే.

పానా ఆ బోల్టు వదులుగా ఉందని గమనించి, బిగించి, పానా జేబులో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. పికప్ మూడు చక్రాల మీద, ఒక జాకీ మీద, రోడ్డు మధ్యలోనే ఉండిపోయింది. రెండో రోజుకి జనం దాని చుట్టూ తిరిగి పోవడం నేర్చుకున్నారు. మూడో రోజుకి అక్కడ పోలీసువారు 'మెల్లగా వెళ్ళుము' అని బోర్డు కూడా పెట్టారు.

శుక్రవారం మంత్రిగారు వచ్చారు. పికప్ చుట్టూ తిరిగే వచ్చారు. అది రోడ్డు భద్రత కోసం పెట్టిన ఏర్పాటని ఇంజనీరుగారు చెబితే మెచ్చుకున్నారు. గది ముందు రిబ్బను కత్తిరించారు. ఫొటోలు తీశారు. అద్దంలోంచి చక్రాన్నీ పానానీ మార్చి మార్చి చూశారు.

"ఎన్నాళ్ళుగా ఉంది?" అని అడిగారు.

"పదకొండేళ్ళండి," అన్నారు ఇంజనీరుగారు. ఆయన పానా గురించి చెప్పారు.

"ఒక్కసారైనా మొరాయించిందా?"

"ఎప్పుడూ లేదండి. ఎండైనా వానైనా."

"పదకొండేళ్ళు! ఇంకా అదనపుగానే ఉందా!" మంత్రిగారు కదిలిపోయారు. మంత్రిగారు కదిలిపోతే ఫొటోగ్రాఫర్లు ముందుకి వస్తారు. వచ్చారు.

ఇంజనీరుగారు ఇదే సమయమని ఆయన చెవిలో ఒక్కమాట వేశారు. మంత్రిగారు తల ఊపి, మైకు అందుకుని, అద్దాల గదివైపు వేలు చాచారు. "ఇంతకాలం నోరెత్తకుండా సేవ చేసిన ఈ అదనపును, ఇదిగో, మీ అందరి సాక్షిగా, ఈరోజే పర్మనెంటు చేస్తున్నాను!"

చప్పట్లు. జిందాబాద్ గొంతు మూడు వీధులు వినపడింది. జనంలో నిలబడ్డ పానా భార్య పక్కావిడ చెయ్యి పట్టుకుని, "మా ఆయనే! మా ఆయనే!" అంది. గదిలో పానా లేచి నిలబడ్డాడు. ఎందుకో తెలియకుండానే పక్కనున్న చక్రం మీద చెయ్యి వేశాడు. భారం అని గార్డు కూడా అరవలేదు.

ఏడాది ఆఖరుకి పన్నెండు రోజులుందనగా ఉత్తర్వులు వచ్చాయి. ఒకటి కాదు, రెండు కవర్లు. హెడ్ క్లర్కుగారు పానాని బయటికి పిలిపించి, కుర్చీ చూపించి మరీ కూర్చోబెట్టారు.

"మంత్రిగారు 'ఈ అదనపును' అన్నారు. ఏకవచనం. ఆ వేలు కూడా సరిగ్గా మీ ఇద్దరి మధ్యకి చూపించింది. మన దగ్గర అదనపులు రెండు. మరి ఎవరిని చేసినట్టు? స్పష్టత కోరుతూ నేనే పైకి రాశాను," అన్నారాయన. "పెద్ద మనసు. ఇద్దర్నీ చేసేశారు."

మొదటి కవరు విప్పి చదివారు. "డివిజన్ ఆఫీసు పికప్ వాహనమునకు ప్రస్తుతం మూడు చక్రములే ఉన్నందున, వెనక ఎడమవైపు ఖాళీలో సదరు అదనపును శాశ్వత చక్రముగా నియమించడమైనది. ఏడు రోజులలో విధిలో చేరవలెను."

"మంచి మాటండి," అన్నాడు పానా. "రేపే బిగిస్తాను."

రెండో కవరు విప్పారు. "సదరు కార్యాలయపు డ్రైవరు పోస్టులో ఖాళీ లేనందున, అదనపు డ్రైవరును శాశ్వత ప్రాతిపదికన అదనపు డ్రైవరుగా నియమించడమైనది." ఆయన కళ్ళజోడు తీసి, లేచి, పానా చెయ్యి పట్టుకుని ఊపారు. "అభినందనలయ్యా. అదనపు పోస్టులు ఎత్తేసినా నీది పోదు. ఇంక నిన్ను అదనపులోంచి ఎవరూ కదపలేరు."

పానా కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాడు. భార్య అతని మొహం చూసి ఏమీ తేల్చుకోలేక, పెళ్ళయ్యాక మొదటిసారిగా, మిషను ఆపి అడిగింది.

"పర్మనెంటేనా?"

"పర్మనెంటే."

"కాగితంలో ఉందా ఆ మాట?"

"ఉంది."

"చదువు."

పానా చదివాడు. ఆవిడ విని, ఇంకోసారి చదవమంది. అతను ఇంకోసారి చదివాడు.

"అదనపు రెండుసార్లు ఎందుకొచ్చింది?"

"మొదటిది నేను. రెండోది ఉద్యోగం."

ఆవిడ సూదిలో దారం ఎక్కించింది. "మరి ఆ టైరుకీ కాగితం వచ్చిందా? అందులో ఏముంది?"

"శాశ్వత చక్రం."

"అదనపు లేదా?"

"లేదు. దానికి ఖాళీ ఉంది."

ఆవిడ దారం కొన పంటితో తెంపి, మిషను చక్రం మీద చెయ్యి వేసింది.

"అయితే రేపు అది ఎదురొస్తే కాస్త లేచి నిలబడయ్యా," అంది. "పర్మనెంటువాళ్ళతో మనకెందుకు."